ముందు నీళ్లు చూశాడు... తర్వాతే కత్తి పట్టాడు

మీ పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉందా? ఇంటిపేరులో ఒక అక్షరం ఎగిరిపోయి, దాన్ని దిద్దించుకోవడానికి స్కూల్ చుట్టూ, మీసేవ చుట్టూ తిరుగుతున్నారా? అయితే ఈ మనిషి మీకు వెంటనే దగ్గరైపోతాడు. ఏడేళ్ల వయసులో ఆయన ఇంటిపేరు మొత్తం తప్పు పడింది. ఒక అక్షరం కాదు, పేరుకు పేరే మారిపోయింది. ఎవరూ దిద్దించలేదు. ఆ తప్పు పేరే ఇవాళ వందకు పైగా దేశాల్లో, గాలం వేసే వాళ్ల పెట్టెల్లో అచ్చయి కనిపిస్తుంది. ఆ పేరు రాపాలా. మనిషి లౌరి రాపాలా. ఊరు ఫిన్లాండ్‌లో ఒక పల్లె.

చేపల గాలానికీ మన కెరియర్‌కీ ఏం సంబంధం అంటారా? రామసముద్రం, పుంగనూరు, కుప్పం వైపు చదువుకుని బెంగళూరు బస్సెక్కే కుర్రాళ్లలో చాలామందికి ఉన్న భయం ఒక్కటే. పెద్ద కాలేజీ పేరు లేదు, ఇంగ్లిష్ అంతంత మాత్రం, ఇంట్లో డబ్బు లేదు, పైగా రెండు మూడేళ్ల గ్యాప్. లౌరికి ఇందులో ఒక్క గ్యాప్ తప్ప అన్నీ ఉన్నాయి. గ్యాప్ ఎందుకు లేదంటే, ఆయన ఏ రోజూ పని లేకుండా కూర్చోలేదు. కాకపోతే చేసిన పనికి గుర్తింపు రావడానికి మాత్రం పాతికేళ్లు దాటింది.

బురద ఊరి పేరు

లౌరి 1905 నవంబరులో సిస్మా అనే చోట పుట్టాడు. అప్పటికి ఫిన్లాండ్ స్వతంత్ర దేశం కూడా కాదు, రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. తల్లి మారి. ఆమె ఇంటిపేరు సారినెన్. లౌరికి ఏడేళ్లప్పుడు తల్లి అతన్ని వెంటబెట్టుకుని అసిక్కాలా అనే ప్రాంతానికి వెళ్లింది. అక్కడ కొత్తగా వచ్చిన వాళ్ల వివరాలు రాసుకునేది చర్చి. పుస్తకంలో రాస్తున్న పాస్టరుకు ఆమె ఇంటిపేరు గుర్తు రాలేదు. వాళ్లు వచ్చిన ఊరి పేరే ఇంటిపేరుగా రాసేశాడు. అలా సారినెన్ కాస్తా రాపాలా అయింది. ఫిన్లాండ్ భాషలో ‘రపా’ అంటే బురద. మన లెక్కన చెప్పాలంటే బురదపల్లె వాళ్లు అన్నట్టు.

కూలి చేసుకునే తల్లికి, ఏడేళ్ల పిల్లాడికి దాన్ని మార్పించుకునే తీరిక, పలుకుబడి ఎక్కడివి? పేరు అలాగే ఉండిపోయింది.

చేప పడితేనే పొయ్యి వెలిగేది

లౌరి పెద్దయ్యాక అడవిలో చెట్లు కొట్టే పనికి, పొలం పనికి కూలికి వెళ్లాడు. 1928లో ఎల్మాను పెళ్లి చేసుకున్నాడు. పిల్లలు పుట్టారు. ఇంటికి దగ్గర్లోనే పైయాన్నె సరస్సు. ఫిన్లాండ్‌లో పెద్దవీ చిన్నవీ కలిపి సుమారు 1,88,000 సరస్సులు ఉన్నాయి. అందులో పైయాన్నె విస్తీర్ణంలో రెండోది, పొడవులో మొదటిది. ఆ నీళ్లే లౌరికి పొలం. వలలు వేయడం, వందల గాలాలు వరసగా కట్టిన పొడవాటి తాడు నీళ్లలోకి దింపడం, పొద్దున్నే వెళ్లి దాన్ని లాగి చేపలు తీయడం, వాటిని అమ్ముకోవడం. ఇదీ రోజూ చేసే పని. మోటారు లేని పడవ. తెడ్డు వేసుకుంటూ పోవాలి.

ఇక్కడ ఒక కష్టం ఉంది. గాలం వేసే ఇళ్లలో పుట్టిన వాళ్లకు చెప్పక్కర్లేదు. పెద్ద చేప పడాలంటే చిన్న చేప ఎరగా కావాలి. వందల గాలాలకు వందల చిన్న చేపలు. వాటిని ముందు పట్టాలి, ఒక్కోదాన్ని గాలానికి గుచ్చాలి, మళ్లీ మరుసటి రోజు కొత్తవి. అసలు పని కన్నా ఎర సిద్ధం చేసే పనికే సగం పొద్దు గడిచిపోతుంది. ఎర పాడైతే ఆ రోజు సంపాదన పోయినట్టే. ఇంట్లో పిల్లలు ఎదురుచూస్తుంటారు.

లౌరికి కావాల్సింది కొత్త ఐడియా కాదు. ఆ సగం పొద్దు మిగలాలి, అంతే. ఎప్పటికీ చావని, మళ్లీ మళ్లీ వాడుకునే ఎర ఒకటుంటే ఆ పొద్దు మిగులుతుంది. అప్పటికే బజార్లో లోహపు రేకులతో చేసిన కృత్రిమ ఎరలు ఉన్నాయి. కానీ అవి కొనాలంటే డబ్బు కావాలి. లేనివాడు ఏం చేస్తాడు? తయారు చేసుకుంటాడు. కాకపోతే లౌరి వెంటనే తయారీకి దిగలేదు. అతని కథలో అసలు మలుపు అదే.

గుంపులో ఒక్కటే ఎందుకు చిక్కుతుంది?

పడవలో తెడ్డు వేస్తూ, వల తీస్తూ, లౌరి నీళ్లలోకి చూసేవాడు. చిన్న చేపలు గుంపుగా పోతుంటాయి. కింద నుంచి పెద్ద చేప వస్తుంది. గుంపు మీదికి గుడ్డిగా దూకదు. చూస్తుంది, ఒకదాన్ని ఎంచుకుంటుంది, దాని మీదే పడుతుంది. ఎప్పుడు చూసినా ఇదే తంతు. మరి ఆ ఒక్కదాన్నే ఎందుకు ఎంచుకుంటోంది?

పదే పదే చూసి లౌరి కనిపెట్టింది ఇది: మిగతా చేపలు తిన్నగా ఈదుతుంటే, ఆ ఒక్కటి కొంచెం పక్కకు ఒరుగుతూ, తడబడుతూ ఈదుతుంది. దెబ్బ తగిలిందో, జబ్బు చేసిందో, అలసిపోయిందో. వేటాడే చేపకు తేలిగ్గా దొరికేది అదే. అంటే పెద్ద చేప చూస్తున్నది రంగును కాదు, రూపాన్నీ కాదు. నడకను చూస్తోంది. ఆ చిన్న ఊగుడును పట్టుకోగలిగితే, చెక్కముక్క కూడా చేపే.

మీలో కోడింగ్ నేర్చుకునే వాళ్లు ఈ చోట కాస్త ఆగండి. మనం చాలాసార్లు ప్రాజెక్టును వెనక నుంచి మొదలుపెడతాం. ముందు ఏ ఫ్రేమ్‌వర్క్ వాడాలో చూస్తాం, తర్వాత దానికి ఒక సమస్యను వెతుక్కుంటాం. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు సగం అలాగే పుడతాయి. లౌరి కత్తి పట్టడానికి ముందే సమస్య ఏమిటో ఒక్క వాక్యంలో తేల్చుకున్నాడు: ఇది చేపలా కనిపించడం కన్నా, గాయపడిన చేపలా కదలడం ముఖ్యం. ఆ ఒక్క వాక్యం లేకపోతే రంగు రంగుల చెక్కబొమ్మలు చేసి ఊరుకునేవాడు.

బెండు ముక్క, చాక్లెట్ కాగితం

1936లో మొదటి ఎర తయారైంది. ఒళ్లు బెండుతో, అంటే కార్కుతో చేశాడు. చెక్కింది చెప్పులు కుట్టేవాళ్లు వాడే కత్తితో. నున్నగా చేసింది గరుకు కాగితంతో. చేప పొలుసు మెరిసినట్టు మెరవాలి కదా, దానికి చాక్లెట్ చుట్టే వెండి కాగితం అతికించాడు. నీళ్లు లోపలికి పోకుండా పైన ఒక పూత కావాలి. వార్నిష్ కొనడానికి డబ్బు లేదు. పాత ఫొటో నెగటివ్‌లు కరిగించి ఆ ద్రావణాన్ని పూతగా వాడాడు. ఇంట్లో, ఊళ్లో పారేసే వస్తువులే అన్నీ. ప్రోటోటైప్ అంటే ఇదే. కాకపోతే ఆయనకు ఆ మాట తెలియదు.

చేసిన వెంటనే పని చేసిందనుకోకండి. చెక్కడం, నీళ్లలో లాగి చూడటం, తిన్నగా పోతే మళ్లీ చెక్కడం. ఒక వైపు కొంచెం బరువెక్కితే ఎర బోర్లా పడుతుంది. ముక్కు దగ్గర కొంచెం ఎక్కువ తీస్తే అసలు ఊగదు. అలా చేస్తూ చేస్తూ ఒక రూపానికి వచ్చాడు. ఆ తర్వాత వలలతో సమానంగా, కొన్ని రోజులు వలలకన్నా ఎక్కువగా, ఆ ఎర చేపలు పట్టింది. ఊళ్లో వాళ్లు అడగడం మొదలుపెట్టారు. చేసి ఇచ్చాడు. కొన్నాళ్లకు బెండు బదులు పైన్ చెట్టు బెరడు, ఆ తర్వాత బాల్సా అనే చాలా తేలికైన కలప వచ్చాయి. కత్తి పట్టిన చేతులు కూడా పెరిగాయి. కొడుకులు రేయో, ఎన్సియో, రిస్తో పనిలోకి వచ్చారు. చేతితో చెక్కే పనిని తేలిక చేసే యంత్రాల మీద కూడా కుటుంబం పని చేసింది.

ఒక సంగతి మాత్రం మరిచిపోవద్దు. ఈ కాలమంతా లౌరి వలలు వదల్లేదు. ఎరల మీద నమ్మకంతో చేపలు పట్టడం మానేసి, అప్పు చేసి దుకాణం తెరవలేదు. పగలు పొట్టకు పని, మిగిలిన పొద్దు చెక్కుడు. ఉన్న ఉద్యోగం మానేసి స్టార్టప్ పెట్టాలా అని తలపట్టుకునే వాళ్లకు ఇది ఒక జవాబు. రెండూ చేయొచ్చు. నెమ్మదిగా నడుస్తుంది, కానీ ఇల్లు నిలుస్తుంది.

ఆ ఊగుడు వెనక ఇంజినీరింగ్

మీరు ఇవాళ షాపులో చూసే రాపాలా ఎర ముక్కు కింద పలుచని పెదవి లాంటి రేకు ఉంటుంది. లాగినప్పుడు నీళ్లు దాని మీద నొక్కుతాయి. ముక్కు కిందికి దిగుతుంది. నీళ్లు రేకుకు రెండు పక్కల నుంచి ఒకసారి ఇటు, ఒకసారి అటు సుడి తిరుగుతూ జారిపోతాయి. అందుకే ఒళ్లు కుడికీ ఎడమకూ ఊగుతుంది. లాగడం ఆపితే తేలికైన కలప కాబట్టి మెల్లగా పైకి తేలుతుంది. గాయపడిన చేప కూడా అంతే, కాసేపు ఈది, ఆగి, పైకి తేలుతుంది.

దీనికి గాలం దారం ఎలా కట్టాలన్నది కూడా ముఖ్యమే. ముడి బిగుసుకుపోతే ఎర స్వేచ్ఛగా ఊగదు. అందుకే ఎర కంటి దగ్గర చిన్న వలయం వదిలి, ఆ వలయం జారి బిగుసుకోకుండా వేసే ముడి ఒకటి ఉంది. దాని పేరే రాపాలా ముడి. ఎర తిన్నగా రాకుండా ఎడమకు లాగుతోందనుకోండి, దారం కట్టే ఆ కన్నును పటకారుతో వెంట్రుకవాసి కుడికి వంచాలి. కుడికి లాగితే ఎడమకు. ఎక్కువ వంచితే పాడవుతుంది. రాపాలా కుటుంబం గర్వంగా చెప్పుకునేది కూడా ఇదే: ఫ్యాక్టరీ పెరిగాక కూడా ప్రతి బాల్సా ఎరనూ నీళ్ల తొట్టిలో లాగి చూసి, సరిచేసి మరీ పెట్టెలో పెట్టేవాళ్లు. వందలో పదిటిని తీసి చూడటం కాదు, వందకు వంద.

యుద్ధం, ఒలింపిక్స్, ఒక ఉత్తరం

1939 చివర్లో సోవియట్ రష్యా ఫిన్లాండ్ మీదికి వచ్చింది. మొదట నాలుగు నెలలలోపు యుద్ధం, మళ్లీ 1941 నుంచి 1944 దాకా ఇంకొకటి. ఆ తరం ఫిన్లాండ్ కుర్రాళ్ల మంచి వయసంతా వాటిలోనే పోయింది. లౌరి పనీ ఆగింది. మళ్లీ కత్తి పట్టేటప్పటికి ఆయన నలభైకి దగ్గరపడ్డాడు. రెండేళ్ల గ్యాప్ గురించి ఇంటర్వ్యూలో ఏం చెప్పాలా అని బెంగపడే వాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

1952లో హెల్సింకీలో ఒలింపిక్స్ జరిగాయి. మనకు ఆ ఊరు గుర్తుండేది కె.డి. జాదవ్ కుస్తీలో కాంస్యం గెలిచినందుకు. స్వతంత్ర భారతానికి అదే మొదటి వ్యక్తిగత ఒలింపిక్ పతకం. హాకీలో బంగారం కూడా ఆ ఏడాది మనదే. ఆ ఆటలు చూడటానికి వచ్చిన విదేశీయుల చేతుల్లో లౌరి ఎరలు కొన్ని దేశం దాటాయి. అంతకు ముందు ఫిన్లాండ్ సరస్సులే వాటి ప్రపంచం.

1950ల చివర్లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో రాన్ వెబర్ అనే అమ్మకాల ప్రతినిధి ఈ ఎరను చూశాడు. తనకు చేపలు పడటం లేదు, పక్కవాడికి పడుతున్నాయి. తేడా ఏమిటని చూస్తే పక్కవాడి గాలానికి ఫిన్లాండ్ నుంచి వచ్చిన ఎర ఉంది. మినియాపోలిస్‌లో ఆటవస్తువుల దుకాణం నడిపే రే ఆస్ట్రమ్‌తో కలిసి ఆయన ఫిన్లాండ్‌కు ఉత్తరం రాయించాడు. లౌరికి ఇంగ్లిష్ రాదు. అయినా వ్యాపారం కుదిరింది. వాళ్లిద్దరూ పెట్టిన కంపెనీ తర్వాత నార్మార్క్ అయింది.

ఆపైన వచ్చింది అదృష్టం. 1962 ఆగస్టులో అమెరికాలో బాగా అమ్ముడయ్యే లైఫ్ పత్రిక రాపాలా ఎర మీద వ్యాసం వేసింది. అదే సంచిక ముఖచిత్రం మార్లిన్ మన్రోది. ఆమె ఆ నెల మొదట్లోనే చనిపోయింది. జనం ఆ సంచికను ఎగబడి కొన్నారు. ఆమె కోసం కొన్నవాళ్లు పేజీలు తిప్పుతూ ఈ వ్యాసం కూడా చదివారు. ఆ తర్వాత దాదాపు 30 లక్షల ఎరలకు ఆర్డర్లు వచ్చాయని కంపెనీ చరిత్ర చెబుతుంది. ఇంట్లో చెక్కుకునే కుటుంబం అన్ని ఎరలు ఎలా ఇస్తుంది? వాక్సీ అనే ఊళ్లో ఫ్యాక్టరీ కట్టాల్సి వచ్చింది.

ఇక్కడ మనం నిజాయితీగా ఉండాలి. ఆ సంచికలో మన్రో లేకపోతే కథ ఇంత పెద్దది అయ్యేది కాదేమో. అదృష్టం ఎవరి చేతిలోనూ ఉండదు. కానీ ఆ 1962 పేజీ తిప్పిన వాడు కొన్న ఎర నీళ్లలో ఊగకపోతే రెండోసారి కొనేవాడు కాదు. 1936లో మొదటి ఎర, 1962లో ఆ పేజీ. మధ్యలో ఉన్న 26 ఏళ్లు అదృష్టం కాదు, తొట్టిలో లాగి చూసిన పని.

మరి మన చెరువులో?

ఇప్పుడు మన వైపు వద్దాం. సముద్రం లేని సీమలో పెద్ద చెరువుకు సముద్రమని పేరు పెట్టుకోవడం మనవాళ్ల అలవాటు. అందుకే మన ఊళ్ల పేర్ల చివర అన్ని సముద్రాలు. రామసముద్రం చుట్టుపక్కల చెరువులు వానలు బాగా పడి మరవ పారిన ఏడాది చూడండి. నీళ్లకన్నా ముందు తుంగ, నాచు, తామర కనిపిస్తాయి. కొర్రమేను ఉండేది ఆ గడ్డి లోపలే. గాలి పీల్చుకోవడానికి పైకి వచ్చి, మళ్లీ గడ్డి కిందికి జారిపోతుంది. అక్కడికి లౌరి ఎర వేశారనుకోండి, దాని కింద వేలాడే మూడు కొక్కేల ముళ్లు మొదటి గుంజుకే నాచు పట్టుకుంటాయి. చేప సంగతి దేవుడెరుగు, ఎర కూడా తిరిగి రాదు. లోతైన, తేటైన ఫిన్లాండ్ నీళ్లకు పుట్టిన పనిముట్టు అది. లౌరి దగ్గర నేర్చుకోవాల్సింది ఆయన ఎరను కాదు, నీళ్లను ముందు చూడటాన్ని.

గడ్డి నీళ్లకు జవాబు ఇంకో చోట పుట్టింది. 1949లో అమెరికాలోని ఆక్రన్‌లో నిక్ క్రీమ్, ఆయన భార్య కాస్మా కలిసి ఇంట్లోనే మెత్తటి ప్లాస్టిక్ వానపామును పోతపోశారు. అంతకు ముందు రబ్బరు పాములు ఉండేవి, కానీ గట్టిగా, ప్రాణం లేనట్టు ఉండేవి. క్రీమ్ దంపతులది వేళ్లతో నొక్కితే వంగేది. దీనికి వాడేది పీవీసీ పొడిని మెత్తదనం ఇచ్చే నూనె లాంటి ద్రవంలో కలిపిన మిశ్రమం. వేడి చేస్తే జెల్లీలా మారుతుంది, అచ్చులో పోసి చల్లారిస్తే రూపం నిలుస్తుంది. 1950ల చివరికి వాళ్లు టెక్సస్‌లోని టైలర్ ఊరికి మారారు. గాలపు ముల్లు మొనను ఆ మెత్తటి ఒంట్లోనే దాచి గడ్డిలోంచి లాగే పద్ధతికి టెక్సస్ రిగ్ అని పేరు పడింది ఆ ప్రాంతం మీదే. లౌరి ఊగుడును పట్టుకుంటే, క్రీమ్ మెత్తదనాన్ని పట్టుకున్నాడు. ఇద్దరూ తమ నీళ్లకు తగ్గట్టే చేశారు.

ముల్లు దాచి కట్టే పద్ధతి

ఈ మెత్తటి ఎరను బరువున్న, గడ్డి పట్టని కొక్కెంతో ఎలా కట్టాలో తెలుసుకోండి. చేపలు పట్టకపోయినా, ఒక పని ఇంత జాగ్రత్త అడుగుతుందని తెలిస్తే చాలు.

కొక్కెం ఎంపిక: దారం కట్టే కన్ను దగ్గర రెండుసార్లు వంగి, మొన వైపు గర్భం వెడల్పుగా ఉన్నది తీసుకోవాలి. దాని నడుముకు సీసమో, టంగ్‌స్టనో చిన్న బరువు అతికించి ఉంటుంది. నాలుగంగుళాల ఎరకు 3/0, ఐదంగుళాల దానికి 4/0 లేదా 5/0 సైజు సరిపోతుంది. బొద్దు ఎరకు వెడల్పు గర్భం తప్పనిసరి. లేకపోతే చేప కరిచినప్పుడు ప్లాస్టిక్ ముడుచుకుని మొనకు దారి ఉండదు.

బరువు ఎంపిక: మోకాలి లోతు గడ్డి నీళ్లకు రెండు మూడు గ్రాములు చాలు. లోతు ఎక్కువైనా, గాలి బాగా వీస్తున్నా ఐదారు గ్రాములు. బరువు నడుము కింద ఉంటుంది కాబట్టి ఎర బోర్లా పడకుండా, పడవ అడుగు బరువులా నిటారుగా నిలుపుతుంది. ముక్కు కిందికి దూసుకుపోకుండా అడ్డంగా, మెల్లగా దిగుతుంది. బరువు ఎక్కువైతే గడ్డిలో కూరుకుపోతుంది. తక్కువైతే విసిరితే దూరం పోదు.

గుచ్చడం: మొనను ఎర ముక్కు మధ్యలో అర సెంటీమీటరు దాకా గుచ్చి, పొట్ట వైపు బయటికి తీయాలి. కొక్కేన్ని లాగి, కన్ను ముక్కులో దాక్కునే దాకా తెచ్చి, తిప్పాలి. ఇప్పుడు మొన ఒంటి వైపు చూస్తుంది. కొక్కేన్ని ఎర పక్కన వేలాడదీసి, వంపు ఎక్కడికి వస్తుందో గుర్తు పెట్టుకోవాలి. సరిగ్గా అక్కడే పొట్ట నుంచి వీపు దాకా తిన్నగా గుచ్చాలి. మొన వీపు మీద కొంచెం బయటికి వచ్చాక, దాని మీదికి పలుచగా ప్లాస్టిక్ తోలు జరిపి కప్పాలి. గడ్డికి మొన తగలదు, చేప కరిస్తే తోలు చీలి మొన బయటికి వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఎర తిన్నగా ఉందా లేదా చూడటం. నడుము దగ్గర కాస్త గూని ఉన్నా లాగేటప్పుడు గిరగిరా తిరుగుతుంది, దారం మెలిపడుతుంది. విసిరే ముందు ఒడ్డు పక్కన ఒక్కసారి లాగి చూడండి. లౌరి తొట్టిలో చేసింది అదే.

చేప కరవగానే గుంజకండి. ఒక క్షణం ఆగి, దారం బిగుసుకున్నాక గట్టిగా గుంజాలి. మొన ముందు ప్లాస్టిక్‌ను చీల్చుకుని రావాలి కదా. ఇంకో మాట. కొర్రమేను పిల్లలు ఎర్రగా గుంపుగా నీటి మీద తిరుగుతుంటే కింద తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. అక్కడ ఎర వేస్తే తప్పకుండా కరుస్తాయి, ఆకలితో కాదు, పిల్లల కోసం. ఆ చోటు వదిలేయండి. చెరువు సొసైటీదో, పాటకు తీసుకున్న వాళ్లదో అయితే అడిగి గాలం వేయండి. వాళ్లకు అది సరదా కాదు, సంపాదన.

ఇంటర్వ్యూకు వెళ్లే ముందు

లౌరి రాపాలా 1974 అక్టోబరులో కన్నుమూశాడు. ఆయన డిగ్రీ చదవలేదు, వేరే భాష నేర్వలేదు. పైయాన్నె ఒడ్డును వదిలి బతుకు వెతుక్కుంటూ దూరం పోలేదు. 1998లో ఆ కంపెనీ హెల్సింకీ స్టాక్ మార్కెట్‌లో నమోదైంది. బోర్డు మీద ఉన్న పేరు మాత్రం, పాస్టరు తప్పుగా రాసిన ఆ బురద ఊరి పేరే.

అందరూ వేలమందికి ఒకే రెజ్యూమె పంపుతున్నప్పుడు, మీరు ఒక్క పని చేసి చూడండి. మీరు వెళ్లాలనుకునే చోట ఈ మధ్య ఎవరు ఎంపికయ్యారో, ఏం చూసి తీసుకున్నారో ఓపిగ్గా గమనించండి. వాళ్ల ప్రాజెక్టులు చూడండి, కంపెనీ ఏ సమస్యకు మనుషుల్ని వెతుకుతోందో చూడండి. గుంపులో ఆ ఒక్కరినే ఎందుకు ఎంచుకున్నారో తేలితే, రెజ్యూమెలో ఏం చెక్కాలో మీకే తెలుస్తుంది. ఒక నీటికి చేసిన ఎర ఇంకో నీటికి పనికిరాదని కూడా తెలుస్తుంది. మాన్యుఫ్యాక్చరింగ్ కంపెనీకి పంపేదీ, సాఫ్ట్‌వేర్ కంపెనీకి పంపేదీ ఒకటే అయితే, రెండింటిలో ఒకటి గడ్డిలో చిక్కుకుంటుంది.

తర్వాత తొట్టి పరీక్ష. మీరు రాసిన కోడ్, మీరు పెట్టిన లింకు, మీరు పేర్కొన్న ప్రాజెక్టు, పంపే ముందు ఒక్కొక్కటీ తెరిచి, నడిపి చూడండి. వందలో పది కాదు, వందకు వంద. ఈ లోపు పొట్టకు పని ఏదైనా దొరికితే చిన్నదని వదలకండి. లౌరి వలలు ఎండబెట్టుకుంటూనే ఎరలు చెక్కాడు.

పేరు తప్పు పడితే దిద్దించుకోండి, అది అవసరమే, మన ఆఫీసులు ఊరుకోవు. కానీ సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా పని ఆపకండి.